పాత వంతెన, కొత్త వంతెన



2023 జూలై చివర మునేరు పొంగి, నందిగామ చేరువ ఐతవరముకడ జాతీయ రహదారిపై ప్రవహించెను. హైదరాబాదునకును విజయవాడకును నడుమ రాకపోకలు నిలిచిపోయెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో అదియే మరల జరిగెను. ఆ రెండు మారులును కీసర వంతెన నిలిచియే యుండెను. దానికి చేరవలసిన దారి మాత్రము నీటిలో మునిగెను. నాడు మా యూరి రచ్చబండకడ ఒక వృద్ధుడు నన్నడిగిన ప్రశ్న ఇది: “వంతెన గట్టిదే కదా పంతులుగారూ, మరి దారెందుకు మునిగింది?”

మఱియొక ప్రశ్న ఖమ్మమునుండి వచ్చిన బంధువు వేసెను. మన మునేరే ఎగువన ఖమ్మము పట్టణము ప్రక్కగా ప్రవహించుచున్నది. అక్కడ నైజాము కాలపు వంతెన కలదు. దాని సమీపముననే తీగల వంతెన యొకటి కట్టుటకు ఇటీవలి సంవత్సరములలో పూనుకొనిరి. “పాతది పడిపోలేదు కదా, కొత్తదానికి ఇంత డబ్బు ఎందుకు?” అని ఆయన సందేహము.

ఈ రెండు ప్రశ్నలకును మూలము ఒక్కటియే. వంతెనను మనము దాటువాని కన్నులతో చూచుచున్నాము. నీటి కన్నులతో చూచుట లేదు. నేను ఇంజనీరును గాను. నందిగామలోను జగ్గయ్యపేటలోను ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు సంధులు, సమాసములు, ఛందస్సు చెప్పిన తెలుగుపండితుడను. ఉద్యోగ విరమణానంతరము తెలిసినవారిని అడిగియు, పుస్తకములు చూచియు నేర్చుకొన్నంతమట్టుకు మనవి చేసెదను. ఇందు నా స్వంత తప్పు ఒకటి కలదు. దానిని చివర చెప్పెదను. నిజమునకు ఈ ప్రసంగము చేయుటకు అదియే కారణము.

వంతెనను మార్చుట యన నెట్టిదో తెలియవలెనన్న రాజమహేంద్రవరమునకు పోవలెను. 2015 పుష్కరములకు పోయినవారు అక్కడ గోదావరిపై నొకదాని సమీపమున నొకటిగా నిలిచిన రైలు వంతెనలను చూచియే యుందురు. వానిలో అతి ప్రాచీనమైనది హేవలాకు వంతెన. అది లేని దినములలో మద్రాసునుండి కలకత్తాకు పోవు మార్గము గోదావరికడ తెగియుండెడిది. ప్రయాణికులు కొవ్వూరున బండి దిగి, ఏటిని పడవపై దాటి, ఆవలి గట్టున మరల బండి ఎక్కెడివారు. వరదలలో వారి యవస్థ ఎట్టిదో బల్లకట్టు దాటినవారికి చెప్పనక్కఱలేదు.

ఆ వంతెన పని 1897 నవంబరులో ఆరంభమయ్యెను. 1900 ఆగస్టులో దానిపై బండ్లు నడచెను. మూడేండ్లు నిండకమునుపే అంతటి పని ముగిసెను. దానిని నడపిన ఇంజనీరు గ్రాన్విల్ వాల్టను. కాశిలో గంగపై 1887లో పూర్తియైన వంతెన నిర్మాణమును నడపినవాడును ఆయనయే. నాటి మద్రాసు గవర్నరు హేవలాకు పేరు దీనికి పెట్టిరి. దీనికి 56 ఖానాలు. ఒక్కొక్క ఖానా 150 అడుగులు. రాతి స్తంభములపై ఉక్కు దూలములు.

గోదావరి అడుగున ఇసుక. ఇసుకపై రాతిస్తంభమును నిలుపుట యెట్లు? దీనికి ఇంజనీర్లు చేయు ఉపాయము మన పల్లెలలో ఒరల బావి దింపినవారికి వింతగా తోచదు. ఇసుకనేలలో బావి త్రవ్వునపుడు మొదట ఒర నిలిపి, లోపలి ఇసుకను తోడుచుందుము. తోడినకొలది ఒర తన బరువుచేత తానే క్రిందికి దిగును. పైన మఱియొక ఒర పెట్టుదుము. వంతెన పునాదియు నట్లే. అడుగున ఉక్కు అంచుగల పెద్ద చట్రమునుంచి, దానిపై గుండ్రముగా గోడ కట్టి, లోపలి ఇసుకను యంత్రములతో తోడివేయుదురు. గోడ కట్టినకొలది బావి దిగుచుండును. ఒక ప్రక్కకు ఒరగినయెడల ఎత్తుగానున్న ప్రక్క లోపలి మట్టిని ఎక్కువగా తోడియు, పైన బరువులు పెట్టియు సరిచేయుదురు. కోరిన లోతు చేరినపిదప అడుగును కాంక్రీటుతో మూసి, లోపల ఇసుక నింపి, పైన మూతవేసి, ఆ మూతపై స్తంభమును లేపుదురు. మనము చూచు స్తంభము కొంతయే. చూడని భాగము ఇసుకలో పాతియుండును. వంతెన ప్రాణము ఆ చూడని భాగముననే యున్నది.

ఇంత గట్టిగా కట్టిన వంతెనను ఏల మార్చవలసివచ్చెను? వంతెనకు వార్ధక్యము మూడు విధములుగా వచ్చును.

మొదటిది లోహమునకు వచ్చునది. తుప్పు కంటికి కనబడును. కనబడనిది అలసట. సన్నని ఇనుపతీగను చేతితో ఇటునటు పలుమారులు వంచిన యెడల, ఏ ఒక్క వంపునకును విఱుగని తీగ తుదకు పుటుక్కున తెగును. బండి ఎక్కినపుడు దూలము కొంచెము వంగును, దిగినపుడు లేచును. దినమునకు అనేక బండ్లు, సంవత్సరమునకు మూడువందల యఱువదియైదు దినములు, తొంబది యేండ్లకు పైగా. ఆ లెక్క మీరే వేయుడు.

రెండవది బరువువలన వచ్చునది. పంతొమ్మిదవ శతాబ్దాంతమున ఉన్న రైలింజను వేఱు, ఇరువదవ శతాబ్దాంతమున ఉన్నది వేఱు. మన బాటలపై ఎడ్లబండ్లకును, చిన్న మోటారులకును కట్టిన వంతెనలపై నేడు సిమెంటు లారీలు పోవుచున్నవి. జగ్గయ్యపేట పరిసరములవారికి ఈ మాట వివరింపనక్కఱలేదు. వంతెన బలహీనపడకున్నను, దానిపై మోపిన భారము దానిని వృద్ధుని చేయును.

మూడవది ఏటివలన వచ్చునది. ఏఱు కట్టిననాటి ఏఱుగా నుండదు. ఎగువన అడవి తగ్గును, ఊళ్లు పెరుగును, చెఱువులు పూడును, పూర్వము పొలములలో ఇంకిన నీరు నేడు ఒక్కపెట్టున ఏటిలోనికి దిగును. స్తంభములు దృఢముగానే యుండవచ్చును. అయినను ఆ వంతెన ఆ నీటికి చాలనిదగును.

రాజమహేంద్రవరమున పెద్దలు పాత వంతెన పడువఱకు వేచియుండలేదు. 1974లో రెండవ వంతెన వచ్చెను. దానిపై అంతస్తున బాటయు, క్రింది అంతస్తున రైలుమార్గమును కలవు. పిమ్మట 1991లో మూడవదానిని ఆరంభించి 1997నాటికి ముగించిరి. ఇది పాతదాని ప్రక్కనే యున్నది. విల్లు వంచినట్లు కాంక్రీటు కమానులు. ఆ కమానులనుండి మార్గము వ్రేలాడుచుండును. దీనికి 28 ఖానాలు. ఒక్కొక్కటి దాదాపు 97న్నర మీటర్లు. 1997లో హేవలాకు వంతెనపై బండ్లను నిలిపివేసిరి. అది నేటికిని ఏటిలో నిలిచియున్నది.

ఇందు గమనింపవలసినవి రెండు. మొదటిది, పనిలోని క్రమము. కొత్త ఇంటిలో దీపము వెలిగించినపిదపనే పాత ఇంటికి తాళము వేసిరి. పాతదానిని కూల్చి అచ్చటనే కొత్తది కట్టుదమని తలపెట్టిన యెడల, ఆ రెండు మూడేండ్లు జనము దాటుట యెట్లు? తూములు పఱచి మట్టిపోసిన తాత్కాలికపు బాట మొదటి వరదకే కొట్టుకొనిపోవును. కొత్త వంతెన పత్రములు చూచునపుడు “కట్టునంతకాలము మా దారి ఏది?” అని అడుగుట మన మొదటి ధర్మము.

రెండవది, ఖానాల లెక్క. పాతదానికి 56, కొత్తదానికి 28, అనగా సరిగా సగము. రెండు పాత ఖానాల వెడల్పు కొత్తది ఒక్క ఖానాలో ఇమిడెను. ఏటిలో పాత స్తంభములు నిలిచియుండగా వాని నడుమ ఖాళీలకు ఎదురుగా కొత్త స్తంభములు నాటినచో నీటికి దారి ఇరుకగును, సుడులు పుట్టును. స్తంభమునకు స్తంభము వరుసకు వచ్చినచో నీరు రెండింటి నడుమ సూటిగా పోవును. ఏటిలో ముందున్నవానిని చూచి కొత్తవాడు నిలువవలెను.

ఇక ప్రణాళిక సంగతి. వంతెన ఎంత పొడవుండవలెనో నిర్ణయించునది డబ్బు కాదు, దాటువారి సంఖ్యయు కాదు, వరద. సెకండునకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోవునో మొదట తేల్చవలెను. దీనినే క్యూసెక్కు లందురు. ఇసుక అడుగుగల ఏళ్లకు ఇంజనీర్లు వాడు లెక్క యొకటి కలదు. వరద క్యూసెక్కులకు వర్గమూలము కట్టి, దానిని 2.67తో గుణించినచో ఆ యేటికి సహజముగా కావలసిన వెడల్పు అడుగులలో వచ్చును. ఉదాహరణకు వరద 1,60,000 క్యూసెక్కులనుకొందము. దాని వర్గమూలము 400. 2.67తో గుణింపగా 1,068 అడుగులు. ఇది సుమారు లెక్కయే. రాతినేలకు, ఎత్తైన గట్లు గల యేటికి మార్పులు చేయుదురు. అయినను ఒక సంగతి దీనివలన స్పష్టమగును. వరదను తక్కువగా చెప్పినచో వంతెన పొట్టిదగును.

“నూఱేండ్ల వరద” అను మాట మీరు వినియుందురు. అది నూఱేండ్లకొకమారు వచ్చి, పిమ్మట తొంబదితొమ్మిదేండ్లు విశ్రమించునది కాదు. ఏ సంవత్సరమునందైనను అంతకు తక్కువగాని వరద వచ్చు అవకాశము నూటికి ఒక పాలు అని దాని యర్థము. లెక్క వేసిన యెడల, ఏబదియేండ్లలో ఒక్కమారైనను అట్టి వరద వచ్చు అవకాశము నూటికి దాదాపు నలువది పాళ్లు. మన మనుమలు చూచు వంతెనకు ఇది చిన్న సంగతి కాదు.

వెడల్పు చాలనిచోట రెండు కీడులు కలుగును. నీరు ఎగువన ఎత్తుగా నిలుచును. ఎగువ పొలములు, ఇండ్లు మునుగును. వంతెన క్రింద వేగము హెచ్చి అడుగు కోసికొనిపోవును. వరదలో ఏటి అడుగు మనము వేసవిలో చూచునది కాదు. పైన ఎఱ్ఱని నీరు పోవుచుండగా క్రింద ఇసుకయు ప్రవహించుచుండును. స్తంభము తాకిన సుడి దాని మొదలున గొయ్యి త్రవ్వును. అందుచేత ఇంజనీర్లు, వరదమట్టమునుండి సగటు కోత 20 అడుగులని తేలినచో, స్తంభముకడ అది 40 అడుగులని భావింతురు. దానికి క్రిందుగా మఱి మూడవవంతు లోతు పునాదికి పట్టుండవలెనందురు. అనగా దాదాపు 53 అడుగులు. ఈ లెక్కయంతయు నాటి ఏటి అడుగును చూచి వేసినది. తరువాత ఎవరైనను వంతెన సమీపమున ఇసుకను తవ్వి అడుగును పది అడుగులు దింపిరేని, ఆ పునాదికి ఇచ్చిన పట్టును పది అడుగులు దొంగిలించినట్లే. ట్రాక్టరు ఇసుక వెల మనకు తెలియును. స్తంభము వెల తెలియదు.

ఇపుడు మా వృద్ధుని ప్రశ్నకు రండు. వంతెన గట్టిదై యుండగా దారి ఏల మునుగును? వంతెన ఏటి నడుమనే యుండును. ఇరుప్రక్కల దానికి చేరు బాట పొలములమీదుగా పోవును. పెద్ద వరదలో ఏఱు గట్లలో నిలువక పొలములపై పఱచుకొనును. బాట ఎచ్చట పల్లముగా నుండునో అచ్చట దాటును. బాటను కట్టవలె ఎత్తుగా పోసినచో అది ఆనకట్టయై నీటిని ఎగువ ఊళ్లపైకి త్రోయును. లేదా తానే గండిపడును. అందుచేత చేరు బాటలోను అక్కడక్కడ నీటికి ఖానాలు విడువవలెను. పూర్వము వాగు పాఱిన జాడ ఏదో, దానిని పూడ్చి దున్నినను నీరు మఱువదు.

చిన్న వంతెనయని తేలికగా చూడరాదు. 2005 అక్టోబరు 29వ తేదీ తెల్లవారుజామున నల్లగొండ జిల్లా వలిగొండ చేరువ, భారీ వర్షములకు చెఱువు తెగి, ఒక చిన్న రైలు వంతెనకడ మార్గమును కొట్టుకొనిపోయెను. దానిపైకి వచ్చిన డెల్టా ప్యాసింజరు బండి పడి నూటికి పైగా ప్రాణములు పోయెను. గోదావరివంటి మహానదిపై వంతెన దాదాపు నూఱేండ్లు సేవచేసెను. పేరులేని వాగుపై వంతెన ఒక్క రాత్రిలో మృత్యువయ్యెను.

ఇక నా సంగతి.

ఇరువదియేండ్ల క్రిందట మా యూరి వాగుపై చప్టాను తీసివేసి చిన్న వంతెన కట్టదలచి కొలతలకు మనుష్యులు వచ్చిరి. వారు గొలుసు పట్టి కొలిచిరి, బోరు వేసి మట్టిని చూచిరి. పిదప ఊరిలో పెద్దలను పిలిచి, “మీకు తెలిసిన పెద్ద వరద ఎందాక వచ్చింది?” అని అడిగిరి. చిన్న వాగులకు సర్కారు లెక్కలుండవు. ఊరివారి జ్ఞాపకమే లెక్క.

నాకు తెలియును. మా తండ్రిగారు నా చిన్ననాట ఆంజనేయస్వామి గుడి మెట్లు చూపి, మూడవ మెట్టు మునుగువఱకు నీరు వచ్చినదని చెప్పియుండిరి. ఆ మాట చెప్పినచో వంతెన పొడవు పెరుగును, కట్ట జరుగును, వాగు ప్రక్కనున్న నా పొలములో పది సెంట్లు పోవును. నేను తాటిచెట్టును చూపి, “అక్కడిదాకా వచ్చింది, అంతకు మించి లేదు” అంటిని. పండితుడు చెప్పిన మాటయని తక్కినవారు తలలూపిరి. మూడు ఖానాలతో వంతెన కట్టిరి. కట్టినవారి పనిలో లోపము లేదు. నా మాటలో నున్నది.

2024 సెప్టెంబరు ఒకటవ తేదీ రాత్రి నీరు గుడి మూడవ మెట్టుకు వచ్చెను. మూడు ఖానాలు చాలక ప్రక్కకు తిరిగి కట్టను తెగగొట్టెను. నా పొలముకంటె ముందు ఒక కౌలురైతు ప్రత్తిచేను ఇసుకపాలయ్యెను. అప్పుచేసి వేసిన పైరు. తెల్లవారిన పిదప నేనచ్చటికి పోగా, అతడు మోకాలిలోతు ఒండ్రులో నిలిచి నన్ను చూచి, “ఇన్ని నీళ్లు వస్తాయని ఎవరికి మాత్రం తెలుసు పంతులుగారూ!” అనెను.

నాకు తెలియును. ఆ మాట అప్పుడు నోట రాలేదు. పది దినముల తరువాత అతని ఇంటికి పోయి చెప్పితిని. అతడు చాలసేపు నేల చూచుచు కూర్చుండి, “ఈసారి అడిగితే నిజం చెప్పండి” అని మాత్రము పలికెను. పది సెంట్లకు ఆశపడి ఇరువదియేండ్లు దాచిన నిజమునకు అంతకంటె తేలికైన శిక్ష ఉండదు. అంతకంటె బరువైనదియు నుండదు. అతని కౌలు సొమ్ము నేను చెల్లించితిని. పైరు తిరిగి రాలేదు. మరుసటి యేడు గ్రామసభలో లేచి తాటిచెట్టు సంగతియు, గుడిమెట్టు సంగతియు చెప్పి, వ్రాసియిచ్చితిని.

కావున పెద్దలకు నా మనవి. ఇంజనీరు విద్య గొప్పదే. అతనియొద్ద యంత్రములు కలవు, ఉపగ్రహపటములు కలవు, పెద్ద నదులకు ఏటేట వ్రాసిన లెక్కలు కలవు. అయినను మీ వాగు 1960లో ఎందాక వచ్చెనో, ఏ గట్టు తెగెనో, ఏ పాత కాలువ పూడ్చి చేనుగా చేసిరో మీకు తెలిసినట్లు అతనికి తెలియదు. మీ జ్ఞాపకము వంతెనకు పునాదిరాయి.

ప్రతి వరద పిదప నీరు ఎందాక వచ్చెనో గుడి గోడపైనో, బడి గోడపైనో, కదలని బండపైనో గీత చెక్కించి, తేదీ వ్రాయింపుడు. రంగుతో వ్రాసినది రెండు వానలకు పోవును. ఉలితో చెక్కినది మనుమల వఱకు నిలుచును. కొత్త వంతెన మాట వచ్చినపుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు: వరదమట్టము ఎంతగా తీసికొనిరి? నీటికి వెడల్పు ఎంత విడిచిరి? చేరు బాటలో ఖానాలు ఎన్ని? కట్టునంతకాలము మాకు దారి ఏది? సమాధానము చెప్పువారు విసుగుకొన్నను అడుగుడు. వంతెన చేరువ ఇసుక తీయువాడు మనవాడేయైనను వలదని చెప్పుడు. చప్టాపై నీరు పాఱుచుండగా ట్రాక్టరు దింపువానిని ఆపుడు. ఆ నీటి లోతు పైకి కనబడదు, క్రింద చప్టా ఉన్నదో లేదో అంతకంటెను కనబడదు.

కొలతకు వచ్చినవారు మీ గుమ్మముకడ నిలిచి అడుగునాడు, మీ చేను ఎచ్చటనున్నదో మఱచి, నీరు ఎచ్చటికి వచ్చెనో చెప్పుడు. మా గుడి మూడవ మెట్టుపై ఇపుడు గీత యున్నది. దానిని నేనే దగ్గఱనుండి చెక్కించితిని. మా యూరికి వచ్చినవారు చూడవచ్చును.

సెలవు.